ముల్లు ఆగిన చోట

వారంలో మూడు ఫ్యూజులు పోయాయి. మూడూ ఒకే గడిలోవి. పార్కింగ్ లైట్లకు, వెనక ఎర్రలైట్లకు, నంబరు ప్లేటు బల్బుకు, మీటర్ల వెనకుండే చిన్న వెలుగుకు కలిపి ఒకటే కాపలా, 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు. హెడ్‌లైట్ల ఫ్యూజు వేరు కనుక ముందు రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది. వెనక వచ్చేవాడికి మాత్రం బండి చీకట్లో కలిసిపోతుంది. భీమునిపట్నం-నర్సీపట్నం రోడ్డును మా వైపు బీఎన్ రోడ్డంటాం. దాని గోతుల్లో, వెనక క్వారీ లారీ వస్తుండగా, ఎర్రలైటు లేకుండా వెళ్లడమంటే ఏమిటో ఆ దారిన రాత్రిపూట తిరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆదివారం పొద్దున్న 8 గంటలకల్లా బండిని రోలుగుంటలో ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డు ముందు ఆపుతాను.

బండి 1997 మోడల్ మారుతి 800. ఆర్సీలో ఇంకా విశాఖపట్నం జిల్లా అనే ఉంది; అనకాపల్లి జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిను, కార్బురేటర్ రకం. ఇంజినును నడిపే కంప్యూటర్ పెట్టె ఇందులో లేదు. లైట్ల సంగతైతే మరీ సూటి: బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చు, తీగ, బల్బు. బల్బు దాకా కరెంటును తీగ తెస్తుంది. అక్కడి నుంచి తిరిగి బ్యాటరీకి చేర్చేది బండి ఇనుప రేకే. అందుకే ఆ రేకును మెకానిక్కులు ఎర్త్ అంటారు, బాడీ అనీ అంటారు. తీగ తొడుగు దారిలో ఎక్కడైనా చిట్లి లోపలి రాగి రేకుకు తగిలితే, కరెంటు బల్బు దాకా పోకుండా అక్కడి నుంచే వెనక్కి తిరుగుతుంది. దాని పేరు బాడీ షార్టు.

మేస్త్రికి యాభై దాటాయి. బానెట్ ఎత్తడు, స్క్రూడ్రైవర్ తియ్యడు. స్టూలు మీద కూర్చుని, పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్సిలు పెట్టి అడుగుతాడు.

"ఫ్యూజు ఎయ్యడానికైతే నా దగ్గరికి రానక్కర్లేదు మాస్టారూ. ఎప్పుడెప్పుడు పోయిందో సెప్పండి ముందు."

వానలోనా, ఎండలోనా? బ్రేకు తొక్కినప్పుడా? లైటు వెయ్యగానే పోయిందా, కొంతదూరం నడిచాకా? గోతిలో పడ్డప్పుడా? బండిలో ఎవరెవరున్నారు, ఎక్కడ కూర్చున్నారు? ఈ చివరి ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. గుర్తు చేసుకుంటే మొదటిసారి వెనక సీట్లో మా ఆవిడ, అత్తగారు ఉన్నారు, చోడవరంలో పెళ్లికి వెళ్తున్నాం. రెండోసారి ఇద్దరు పిల్లల్ని దింపి రావడానికి వెళ్లాను. మూడోసారి మనుషులెవరూ లేరుగాని అనకాపల్లిలో కొన్న బెల్లం దిమ్మలు వెనక సీటు మీదున్నాయి. ఒక్కణ్నీ నడిపిన రోజుల్లో ఒక్కసారీ పోలేదు. మేస్త్రి కాగితం మీద 'వెనక బరువు' అని రాసి గుండ్రంగా గీత చుడతాడు. ఈ మాటలకు పదిహేను నిమిషాలు పడుతుంది.

జాడ దొరికినట్టే ఉంది కదా, సీటు ఎత్తి చూడొచ్చు కదా అంటాను. తల అడ్డంగా ఊపుతాడు. వచ్చీపోయే షార్టును వెతికేటప్పుడు ముందు చెయ్యి పెట్టకూడదట. సీటు ఎత్తితే తీగ కదులుతుంది, కదిలితే తగిలే చోటు నుంచి పక్కకు జరుగుతుంది, షార్టు మాయమవుతుంది. అప్పుడు లైట్లు బాగానే వెలుగుతాయి, బండి ఇంటికెళ్తుంది, నెల్లాళ్లకు మళ్లీ ఫ్యూజు పోతుంది. జాగా తేలేదాకా దేన్నీ కదపకుండా ఉండడమే ఈ పనిలో కష్టమైన భాగమని ఆ పూటంతా చూస్తున్నకొద్దీ నాకు అర్థమవుతూ వచ్చింది. అతని చేతుల వేగం కంటే ఆ ఆగడమే నన్ను ఎక్కువ ఆకట్టుకుంది.

తర్వాత పోయిన ఫ్యూజుల పరీక్ష. మూడూ జేబులో తెచ్చాను. ఫ్యూజు లోపల సన్నటి జింకు పట్టీ ఉంటుంది. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది. లోడు కొద్దిగా ఎక్కువై మెల్లగా పోయిన ఫ్యూజులో పట్టీ మధ్యలో చిన్న ఖాళీ కనిపిస్తుంది, ప్లాస్టిక్ శుభ్రంగా ఉంటుంది. నేరుగా షార్టైతే పట్టీ పేలినట్టు చెదిరి ప్లాస్టిక్ కిటికీకి లోపల నల్లమసి, వెండి మరకలు అంటుకుంటాయి. నావి మూడూ మసిబారినవే. ఎక్కువ బల్బులు తగిలించడం వల్ల కాదు, రాగి నేరుగా రేకును తాకుతోందన్నమాట.

ఇక్కడే చాలా బండ్లు పాడవుతాయి. మాటిమాటికీ పోతోందని 15 తీసి 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు పెడతారు, లేదా సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుడతారు. ఈ లైట్లన్నీ కలిపి సుమారు 30 వాట్లు, అంటే రెండున్నర ఆంపియర్లు. వెనక్కి వెళ్లే తీగ మందం 0.85 చదరపు మిల్లీమీటర్లు, పొడవు ఐదు మీటర్లనుకుంటే దాని నిరోధం ఓమ్‌లో పదో వంతు మాత్రమే. అది రేకుకు తగిలితే 12 వోల్టుల బ్యాటరీ నూరు ఆంపియర్లకు పైగా తోసేస్తుంది. ఇంట్లో ఇస్త్రీపెట్టెను వేడెక్కించేంత శక్తి ఆ సన్నటి తీగలో పడుతుంది. తీగ తొడుగు తట్టుకునేది నూరు డిగ్రీల వరకే. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. ఫ్యూజు అడ్డుపడకపోతే రాగి కరిగేలోపు తొడుగూ, దాన్ని ఆనుకున్న పక్క తీగలూ, మీది కార్పెట్టూ అంటుకుంటాయి. వెనక నేలరేకు కిందేమో పెట్రోలు ట్యాంకు. అందుకే మేస్త్రి పని మొదలెట్టక ముందే తలుపులు నాలుగూ బార్లా తీయిస్తాడు. ఆ దరిదాపుల్లో బీడీ వెలిగించనివ్వడు.

8:40కి బానెట్ ఎత్తుతాడు. ఇది ఎలకల కోసం. చెరకు నరుకుడు రోజుల్లో పొలాల్లోంచి ఎలకలు ఊళ్లోకొస్తాయి, రాత్రిపూట వెచ్చటి ఇంజిను పక్కన చేరి తీగలు కొరుకుతాయి. టార్చి వేసి ఎలక పెంటికలు, తొడుగు తురుము, గూడు పుల్లలు ఉన్నాయేమో చూస్తాడు. ఏమీ లేవు. ఐదు నిమిషాల్లో మూసేస్తాడు.

ఇప్పుడు ఫ్యూజు బదులు బల్బు. ఇండికేటర్‌లో వేసే 21 వాట్ల బల్బు, దాని హోల్డరు, రెండు తీగలు, తీగల చివర పాత ఫ్యూజు కాళ్లు. ఇదే టెస్టు బల్బు. దీన్ని ఖాళీగా ఉన్న ఫ్యూజు గడిలో గుచ్చుతాడు. ఎంత షార్టు వచ్చినా ఈ బల్బు గుండా 1.75 ఆంపియర్లకు మించి పోదు కనుక ఫ్యూజులు కాల్చుకోకుండా, తీగ వేడెక్కకుండా ఎంతసేపైనా వెతకొచ్చు. కానీ ముందు ఆ లైనులోని బల్బులన్నీ పీకెయ్యాలి. అవి ఉంటే వాటి గుండా పోయే కరెంటుకే టెస్టు బల్బు వెలుగుతుంది, మనం షార్టనుకుని మోసపోతాం. మేస్త్రి మేనల్లుడు ముందు రెండు, వెనక రెండు, నంబరు ప్లేటుది ఒకటి తీసి పళ్లెంలో వరసగా పెడతాడు. మీటర్ల వెనక బల్బులు తియ్యాలంటే డాష్‌బోర్డు విప్పాలి, అందుకని వాటి కప్లర్ లాగేస్తాడు. కప్లర్ అంటే రెండు తీగల కట్టలు కలిసే ప్లాస్టిక్ జోడు. ఇక ఈ లైనులో కరెంటుకు పోయేందుకు సరైన దారి ఒక్కటీ మిగల్లేదు. బల్బు వెలిగితే అది దొంగదారే.

స్విచ్చు వేస్తారు. టెస్టు బల్బు వెలగదు. నా మొహం చూసి మేస్త్రి నవ్వి "ఇప్పుడు ఊపరా" అంటాడు మేనల్లుడితో. కుర్రాడు ముందు బంపరు పట్టుకుని ఊపుతాడు, ఏమీ లేదు. స్టీరింగు కింద తీగల కట్టను వేలితో మెల్లగా తడతాడు, ఏమీ లేదు. ముందు తలుపులు వేసి తీస్తాడు. వెనక ఎడమ మూల నొక్కుతాడు. వెనక కుడి మూల నొక్కగానే బల్బు తళుక్కుమని ఆరిపోతుంది. మళ్లీ నొక్కితే మళ్లీ తళుక్కు. సీటు మీద మోకాలు ఆనిస్తే నిలకడగా వెలుగుతుంది.

ఇప్పుడు సగాలు చేసే పని. ఫ్యూజు దాటాక ఈ లైను మూడు దారులవుతుంది: ముందుకొకటి, మీటర్లకొకటి, వెనక్కొకటి. కుర్రాడి మోకాలు సీటు మీద అలాగే ఉంచి, ముందుకెళ్లే కప్లర్ లాగుతాడు; బల్బు వెలుగుతూనే ఉంది. మీటర్ల దారి ఇంతకుముందే తెగింది. వెనక్కెళ్లే కప్లర్ లాగుతాడు, ఆరిపోతుంది. మళ్లీ కలుపుతాడు, వెలుగుతుంది. కాగితం మీద మూడు గీతల్లో రెంటిని కొట్టేస్తాడు. 9:15 అయింది. వెనక్కెళ్లే తీగ కుడివైపు గుమ్మం రేకు పక్కనుంచి, కార్పెట్ కిందుగా డిక్కీ దాకా పోతుంది. షార్టు ఆ పొడవులోనే ఎక్కడో ఉంది. దాని మీద చుట్టిన టేపంతా విప్పుకుంటూ పోవచ్చు, చాలామంది అదే చేస్తారు. దానికి పూట పడుతుంది, పాతికేళ్ల టేపుతో పాటు ఎండిన తొడుగులూ ఊడొస్తాయి, లేని షార్టులు పుడతాయి.

మేస్త్రి అరలోంచి సబ్బుపెట్టె తీస్తాడు. అందులో రూపాయి బిళ్లకంటే కాస్త పెద్ద దిక్సూచి. అనకాపల్లి నూకాలమ్మ తల్లి కొత్త అమావాస్య తీర్థంలో పిల్లల బొమ్మల కొట్లో కొన్నదట.

టెస్టు బల్బు తీసి దాని చోట కొత్త జత పెడతాడు: రెండు 21 వాట్ల బల్బులు పక్కపక్కన, వాటికి వరసగా ఇండికేటర్ ఫ్లాషర్. ఫ్లాషర్ అంటే ఇండికేటర్‌ను టక్‌టక్‌మని ఆర్పి వెలిగించే చిన్న డబ్బా. ఒక్క బల్బైతే దానికి లోడు చాలదు, రెండుంటేనే నిమిషానికి ఎనభై తొంభై సార్లు సరిగ్గా కొడుతుంది. ఇప్పుడు తీగలో మూడున్నర ఆంపియర్లు వస్తూ ఆగుతూ, వస్తూ ఆగుతూ ఉంటాయి. కుర్రాడి మోకాలికి విశ్రాంతి ఇవ్వడానికి సీటు మీద ఏదైనా బరువు పెట్టాలి. వాడు జాకీ, పాత చక్రం రిమ్ము తెస్తే మేస్త్రి వెనక్కి పంపిస్తాడు, ఇనుమైతే ముల్లు అటే లాగుతుందని. పక్క కొట్టు నుంచి పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు తెప్పిస్తాడు. డిక్కీ పైన పలక మీదున్న స్పీకర్లనూ ఊడదీయిస్తాడు, వాటి వెనక అయస్కాంతాలుంటాయి కనుక.

ఇంకొక్క పని మిగిలింది, దాన్ని నేను ఊహించలేదు. బండిని తోసి, ముందు భాగం ఉత్తరానికి తిరిగేలా నిలబెడతారు. తీగ బండి పొడవునా ఉంది. అది ఉత్తర దక్షిణాలుగా ఉంటే దానిలో కరెంటు పారినప్పుడు పుట్టే అయస్కాంత బలం ముల్లును తూర్పుకో పడమరకో నెడుతుంది, ఊపు స్పష్టంగా కనిపిస్తుంది. తీగ తూర్పు పడమరలుగా ఉంటే ఆ బలం ముల్లు పొడవు వెంటే పడుతుంది, ముల్లు పెద్దగా కదలదు. కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు తిరుగుతుందని కోపెన్‌హాగన్‌లో హాన్స్ క్రిస్టియన్ ఆర్‌స్టెడ్ 1820లో గమనించాడు. ఆ పాఠం నేను ఏళ్ల తరబడి నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పాను. దానికోసం ఒక బండిని తోసి తిప్పడం ఇదే చూడ్డం.

ఫ్లాషర్ టక్కుమంటుంది. దిక్సూచిని డ్రైవరు తలుపు గుమ్మం దగ్గర కార్పెట్ మీద పెడతాడు. బండి రేకు వల్ల ముల్లు అసలు ఉత్తరం కంటే కాస్త పక్కకే చూస్తోంది. అయినా ఫరవాలేదు, చూడాల్సింది అది ఎటు చూస్తోందని కాదు, టక్కుమన్నప్పుడల్లా ఊగుతోందా లేదా అని. ఊగుతోంది. జానెడు వెనక్కి జరుపుతాడు, ఊగుతోంది. రెండు తలుపుల మధ్య స్తంభం మొదట్లో ఊగుతోంది. వెనక సీటు కుడి మూల దగ్గర ఊగుతోంది. అక్కడి నుంచి ఇంకో జానెడు జరిపేసరికి ముల్లు నిలబడిపోతుంది. టక్‌టక్ శబ్దం వస్తూనే ఉంది, ముల్లులో చలనం లేదు. మళ్లీ డ్రైవరు వైపు తెస్తే ఊగుతుంది, డిక్కీ వైపు జరిపితే ఆగుతుంది. మూడుసార్లు చూస్తాడు. షార్టు చోటు దాకా కరెంటు తీగలోనే పారుతుంది. అక్కడ రేకులోకి దిగి బండి ఒళ్లంతా చెదిరి వెనక్కి పోతుంది కనుక, ఆ చోటు దాటాక తీగలో ఏమీ ఉండదు. ఊగిన చోటికీ ఆగిన చోటికీ మధ్య సుద్దముక్కతో గీత గీస్తాడు. 9:50.

ఇప్పుడు మాత్రమే స్పానర్. 10 నంబరుతో బ్యాటరీ మైనస్ లగ్గు ముందు విప్పుతాడు. ప్లస్ ముందు విప్పితే స్పానర్ పొరపాటున రేకుకు తగిలి నిప్పులు రాలతాయి. బస్తాలు దింపి, వెనక సీటు మెత్తను కొక్కేల నుంచి తప్పించి నిదానంగా పైకెత్తుతారు.

సుద్దగీతకు రెండు వేళ్ల ఎడంలో ఉంది. కొన్నేళ్ల కిందట సీటు కవర్లు మార్పించాను. అప్పుడెవరో తీగల కట్టను దాని క్లిప్పులోంచి తప్పించి, మళ్లీ తొడగకుండా సీటు దించేశారు. సీటు మెత్త లోపల ఇనుప చువ్వ చట్రం ఉంటుంది; దాని వంపు కొస సరిగ్గా కట్ట మీద కూర్చుంది. ఎవరైనా కూర్చున్నప్పుడల్లా నొక్కి, గోతుల్లో పడినప్పుడల్లా రాసి, టేపును చీల్చి, చారల ఎర్రతీగ తొడుగును మూడు మిల్లీమీటర్ల మేర ఒలిచేసింది. బయటపడ్డ రాగి పోగులు నల్లబడి ఉన్నాయి, చువ్వ కొస మీద ఆవగింజంత రాగి ముద్ద అంటుకుంది. పక్కనే పెట్రోలు గేజీకి వెళ్లే తీగ. దాని తొడుగూ సగం దాకా గీసుకుపోయింది. ఇంకొన్ని నెలలైతే అదీ తెగేది.

రిపేరుకు తొందరేమీ పడడు. దెబ్బతిన్న ముక్కను అటూ ఇటూ మంచి రాగి తగిలేదాకా, ఎనిమిది సెంటీమీటర్లు కోస్తాడు. అంతే మందం తీగ కావాలి, అదే రంగుదీ కావాలి. దానికోసం గోనెసంచి నిండా పాత బండ్ల వైరింగు ముక్కలు దాచాడు, అందులోంచి చార ఎర్రతీగ వెతికి తీస్తాడు. రేపు ఇంకెవరైనా ఈ కట్ట విప్పితే రంగు చూసి తీగను గుర్తుపట్టగలగాలని. పది సెంటీమీటర్ల ముక్కకు రెండు చివరలా 12 మిల్లీమీటర్లు ఒలుస్తాడు. అతకక ముందే స్లీవులు, అంటే వేడికి ముడుచుకునే గొట్టాలు, రెంటినీ తీగ మీదికి ఎక్కించి దూరంగా జరుపుతాడు. అది మరచిపోతే సోల్డరింగంతా విప్పాల్సిందే.

పోగుల్ని తాడులా మెలిపెట్టడు. రెండు వైపుల పోగుల్నీ దువ్వెన పళ్లలా విప్పార్చి, ఎదురెదురుగా ఒకదాంట్లో ఒకటి దూర్చి వేళ్లతో అదుముతాడు. అలా చేస్తే అతుకు తీగకంటే లావవదు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కాగడానికి ఐదు నిమిషాలు. సోల్డరింగ్ లెడ్డు 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం. 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలెడుతుంది. ఐరన్‌తో తీగను కింద నుంచి వేడిచేస్తాడు, లెడ్డును పై నుంచి తీగకే తాకిస్తాడు. తీగే వేడెక్కి లెడ్డును పీల్చుకోవాలి. ఐరన్ మీద కరిగించి పైన పూసిన లెడ్డు నెల తిరిగేసరికి ఊడుతుంది. మూడు సెకన్లలో పోగుల మధ్యకంతా వెండి నీరు ఇంకిపోతుంది. చల్లారేదాకా ఊపిరి కూడా తగలనివ్వనట్టు పట్టుకుంటాడు. స్లీవును అతుకు మీదికి జరిపి, లైటరు ముట్టించకుండా ఐరన్ పక్కభాగంతోనే దాన్ని ముడుచుకునేలా చేస్తాడు. కింద ట్యాంకుంది, బండిలో మంట పనికిరాదు.

గేజీ తీగ మీద టేపును సగం మీద సగం పడేలా బిగువుగా చుడతాడు. తర్వాత కట్టంతటి మీదా ఇంకో వరస టేపు, దానిపైన నిలువుగా చీల్చిన సైకిల్ ట్యూబు ముక్క. విరిగిన క్లిప్పు బదులు నైలాన్ టైతో కట్టను సీటుకు అందనంత పక్కగా గుమ్మం రేకుకు బిగిస్తాడు. చువ్వ కొసను ఆకురాయితో నునుపు చేసి, దానికీ ట్యూబు రబ్బరు తొడిగి కడతాడు. చిన్న తెల్లటేపు ముక్క మీద పెన్నుతో తేదీ, 'అతుకు 2' అని రాసి కట్టకు అంటిస్తాడు. ఇది ఎవరూ చూడని చోటు, సీటు దించితే మళ్లీ ఎన్నేళ్లకు తీస్తారో.

10:50కి పరీక్షలు. మల్టీమీటరు ఒక కొస తీగకు, ఒక కొస రేకుకు. ఎడమ అంచున ఒంటరి 1 నిలుస్తుంది. ఈ రకం మీటర్లలో దారి లేదనడానికి అదే గుర్తు. సీటు దించి కుర్రాడూ నేనూ కూర్చుని ఎగిరెగిరి పడతాం, 1 అలాగే ఉంది. పళ్లెంలోని బల్బుల మొదళ్లను సన్నటి గరుకు కాగితంతో రుద్ది వాటి చోట్లలో పెడతారు. కప్లర్లు, బ్యాటరీ లగ్గు కలుపుతారు. మీటరును 10 ఆంపియర్ల గడికి మార్చి, ఫ్యూజు గడిలో పెట్టి చూస్తే 2.4. అప్పుడు 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు వేస్తాడు. నాలుగోది. పట్టపగలు లైట్లేసుకుని, వెనక మేస్త్రి, మేనల్లుడు కూర్చోగా బీఎన్ రోడ్డు మీద నర్సీపట్నం వైపు మూడు కిలోమీటర్లు పోయి వస్తాం. గోతులు తప్పించొద్దంటాడు మేస్త్రి. ఒక్కటీ తప్పించను. తిరిగొచ్చాక వెనక్కెళ్లి చూస్తే రెండు ఎర్రలైట్లూ, నంబరు ప్లేటు బల్బూ వెలుగుతున్నాయి.

లెక్క క్యాలెండర్ కాగితం మీదే వేస్తాడు. స్లీవులు, టేపు, టై కలిపి 60 రూపాయలు. ఫ్యూజులు మూడు, బండిలో ఒకటి, డాష్‌బోర్డు అరలో రెండు, 30. తీగ ముక్కకు, సైకిల్ ట్యూబుకు ఏమీ లేదు. మూడు గంటల పనికి 700. మొత్తం 790. మేనల్లుడు బియ్యం బస్తాలు పక్క కొట్టుకు చేరేస్తున్నాడు. మేస్త్రి దిక్సూచి అద్దాన్ని లుంగీ అంచుతో తుడిచి, సబ్బుపెట్టెలో పెట్టి, స్పీకర్ల అర పక్కన కాకుండా ఎదురు గోడనున్న అరలో దాస్తాడు.